రిప్ చేసిన డీవీడీలు: అలాగే ఉంచాలా, ఎంకేవీ చేయాలా, కుదించాలా?

డిస్కులన్నీ ఒక్కొక్కటిగా డ్రైవ్‌లో పెట్టి కాపీ చేసుకోవడం, అంటే రిప్ చేయడం, అయిపోయింది. హార్డ్ డిస్క్ నిండా ఇప్పుడు వీడియో_టీఎస్ ఫోల్డర్లు (డిస్క్‌లోని ఫైళ్లు విడివిడిగా), ఐఎస్ఓ ఫైళ్లు (డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా) ఉన్నాయి. మీడియా సర్వర్‌కి (ఇంట్లోని వీడియోలను టీవీకి, ఫోన్లకి అందించే కంప్యూటర్) వాటిని చూపిస్తే కొన్ని అసలు కనిపించవు, కనిపించినవి కొన్ని టీవీలో ఆడవు. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ఏదో ఒక కన్వర్టర్ తెరిచి, అన్నింటినీ చిన్న ఎంపీ4 ఫైళ్లుగా మార్చేసి, ఐఎస్ఓలు తీసేస్తారు. నేనూ అదే చేశాను. రెండేళ్లు తిరక్కుండా అటక మీది డిస్కులు దింపి మళ్లీ మొదటినుంచి రిప్ చేయాల్సి వచ్చింది. వాటిలో నాలుగు డిస్కులు అప్పటికే చదవడం మానేశాయి.

అందుకే నా సలహా ముందే చెప్పేస్తాను. మొదట కుదించకండి. మొదట ప్రతి డిస్క్‌నీ ఉన్నదున్నట్టు ఎంకేవీలోకి (వీడియో, ఆడియో, సబ్‌టైటిల్స్ అన్నీ పట్టే ఒక ఫైల్ రకం) మార్చి దాచుకోండి. కుదించడం గురించి ఆ తర్వాత, ఏ డిస్క్‌కి ఆ డిస్క్‌గా ఆలోచించవచ్చు. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే డీవీడీ లోపల ఏముందో కొంచెం చూడాలి.

డిస్క్‌లో ఉన్నది ఇదీ

డీవీడీలో బొమ్మ ఎంపెగ్-2 పద్ధతిలో ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల టీవీ పద్ధతి) డిస్క్ అయితే 720×480 సైజు, సెకనుకి 29.97 ఫ్రేములు. పాల్ (ఇండియా, యూరప్‌ల టీవీ పద్ధతి) డిస్క్ అయితే 720×576, సెకనుకి 25. వీడియో బిట్‌రేట్ (సెకనుకి పట్టే డేటా) సెకనుకి 9.8 మెగాబిట్లు దాటకూడదు. మామూలు సినిమాల్లో సగటు అందులో సగం చుట్టూ ఉంటుంది. ఒక పొర డిస్క్‌లో 4.7 జీబీ, రెండు పొరల దానిలో 8.5 జీబీ పడుతుంది. ఒకే సినిమాకి 8 ఆడియో ట్రాకులు, 32 సబ్‌టైటిల్ ట్రాకుల దాకా పెట్టుకోవచ్చు.

ఇదంతా ఒక్కోటి 1 జీబీకి మించని వీఓబీ ముక్కలుగా ఉంటుంది. ఏ ముక్క తర్వాత ఏది రావాలి, చాప్టర్లు ఎక్కడ మొదలవుతాయి, ఏ ట్రాక్ ఏ భాష అన్న వివరాలు ఐఎఫ్ఓ ఫైళ్లలో ఉంటాయి. వీఓబీలను చేత్తో ఒకదాని వెనక ఒకటి అతికించి సినిమా చేసుకుంటే చాలాసార్లు మధ్యలో ఆడియో పెదవుల కదలికతో కలవకుండా పోవడానికి కారణం ఇదే. ఐఎఫ్ఓని చదివి పనిచేసే సాఫ్ట్‌వేర్‌తోనే మార్చాలి.

ఐఎస్ఓగానే ఉంచితే

దీనికి ఉన్న ఏకైక పెద్ద లాభం మెనూ. డిస్క్ పెట్టగానే వచ్చే తెర, పాటలు ఎంచుకునే పేజీ, అదనపు వీడియోలు అన్నీ అలాగే ఉంటాయి. టీవీకి కట్టిన పెట్టెలో కోడి (Kodi) అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్ నడుపుతుంటే ఐఎస్ఓని మెనూతో సహా ఆడిస్తుంది. కంప్యూటర్‌లో వీఎల్‌సీ కూడా ఆడిస్తుంది.

కానీ సర్వర్ అన్నాక ఒక్క పెట్టెతో పోదు. ఫోన్, ట్యాబ్, బ్రౌజర్, ఇంకో గదిలో టీవీ ఉంటాయి. ప్లెక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఐఎస్ఓనీ, వీడియో_టీఎస్ ఫోల్డర్‌నీ తీసుకోదు. జెల్లీఫిన్ అనే మరో సర్వర్ సాఫ్ట్‌వేర్ డీవీడీ ఫోల్డర్‌ని గుర్తుపట్టి సినిమా ఆడించగలదు కానీ మెనూ రాదు. మెనూ రానప్పుడు ఐఎస్ఓగా ఉంచుకుని ప్రయోజనం ఏముంది? నా మటుకు మెనూయే ప్రాణమైన డిస్కులను మాత్రం ఐఎస్ఓగా దాచుకుంటాను: భాష నేర్పే పాఠాలు, పిల్లల క్విజ్‌లు, రిమోట్‌తో కథ దారి మార్చుకునేవి. మొత్తం సేకరణలో అవి పదో పన్నెండో ఉంటాయి.

ఎంకేవీలోకి రీమక్స్

రీమక్స్ అంటే డబ్బా మార్చడం. లోపలి ఎంపెగ్-2 వీడియో, ఆడియో, సబ్‌టైటిల్స్ ఏవీ ముట్టుకోకుండా, వీఓబీల్లోంచి తీసి ఒకే ఎంకేవీ ఫైల్లో పెట్టడం. నాణ్యత పిసరంత కూడా తగ్గదు. మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌కి వీడియో_టీఎస్ ఫోల్డర్‌నో ఐఎస్ఓనో చూపిస్తే కొన్ని నిమిషాల్లో పని అయిపోతుంది, ఎందుకంటే అది హార్డ్ డిస్క్ కాపీ చేసుకునేంత పనే. చాప్టర్లు ఉంటాయి, భాషల పేర్లు ఉంటాయి. మెనూ ఒక్కటే పోతుంది. అక్కర్లేని ట్రైలర్లు, వేరే భాషల ట్రాకులు వదిలేస్తే సైజు కొంత తగ్గుతుంది కూడా.

దీని బలహీనత ఏమిటంటే, ఎంపెగ్-2ని బ్రౌజర్లు ఆడించవు, చాలా ఫోన్లు, స్ట్రీమింగ్ స్టిక్‌లు నేరుగా ఆడించవు. అలాంటప్పుడు సర్వర్ అప్పటికప్పుడు దాన్ని హెచ్.264 అనే కుదింపు పద్ధతిలోకి మార్చి పంపాలి. దీన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. ఆ మాట వినగానే చాలామందికి టెన్షన్. 4కే సినిమా విషయంలో ఆ భయం నిజమే. డీవీడీ బొమ్మ చాలా చిన్నది. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి ఒకేసారి ఒకటి రెండు డీవీడీ సినిమాలు మార్చడం బరువు కాదు. ఇంటెల్ క్విక్ సింక్ (ప్రాసెసర్‌లోనే ఉండే, వీడియో మార్చే భాగం) ఉన్న సర్వర్ అయితే ఇంకా తేలిక. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీద సర్వర్ నడిపేవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి. రాస్ప్‌బెర్రీ పై 5లో హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ (వీడియోని కుదించే ప్రత్యేక భాగం) లేదు, మార్చే పనంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఇంట్లో ముగ్గురు మూడు చోట్ల చూస్తుంటే అది తట్టుకోకపోవచ్చు.

హెచ్.264కి కుదిస్తే

ఇది 2003 నాటి పద్ధతి, ఇప్పుడు దీన్ని ఆడించని పరికరం దొరకడం కష్టం. ఫోన్, టీవీ, బ్రౌజర్, పాత ట్యాబ్ అన్నీ నేరుగా ఆడిస్తాయి. సర్వర్ ఫైల్‌ని అందించడం తప్ప ఇంకేమీ చేయక్కర్లేదు. 5 జీబీ సినిమా తరచుగా 1 నుంచి 1.5 జీబీకి దిగుతుంది.

కార్టూన్లు ఇంకా బాగా తగ్గుతాయి. పాత ఫిల్మ్‌లో కనిపించే ఇసక రేణువుల్లాంటి గ్రెయిన్ ఉన్న సినిమాలు మాత్రం మొండికేస్తాయి. నాణ్యత పోకుండా కుదించబోతే కొన్నిసార్లు ఫైల్ మూలానికి దగ్గరగా వచ్చి ఆగుతుంది. అలాంటి సినిమాకి ఎన్‌కోడ్ చేసిన (కుదించిన) కష్టమంతా వృథా, ఎంకేవీ రీమక్స్‌నే ఉంచేయండి.

హెచ్.265, ఏవీ1 సంగతి

ఇవి హెచ్.264 కంటే కొత్త కుదింపు పద్ధతులు. డీవీడీల వరకు వీటి మీద మోజు పడకండి. హెచ్.265 పెద్ద బొమ్మల్లో గొప్పగా ఆదా చేస్తుంది, ఎందుకంటే అది పెద్ద పెద్ద గడులుగా బొమ్మను విడగొట్టి చూడగలదు. 720 చుక్కల వెడల్పున్న బొమ్మలో ఆ వెసులుబాటు తక్కువ. సినిమాకి మహా అయితే కొన్ని వందల ఎంబీలు మిగులుతాయి, పాత టీవీల్లో బ్రౌజర్లలో మళ్లీ ట్రాన్స్‌కోడింగ్ మొదలవుతుంది. ఏవీ1కి ఇంకా కొత్త పరికరాలు కావాలి.

చోటు లెక్క

కుదించడానికి అందరూ చెప్పే కారణం చోటు. లెక్క వేసి చూద్దాం. 300 సినిమాలు, ఒక్కోటి 5.5 జీబీ అనుకుంటే 1,650 జీబీ. కుదిస్తే ఒక్కోటి 1.3 జీబీ చొప్పున 390 జీబీ. అంటే 1,260 జీబీ మిగిలాయి. ఒక 4 టీబీ హార్డ్ డిస్క్‌లో కుదించకుండానే మొత్తం పట్టి, సగం పైన ఖాళీ ఉంటుంది.

ఇప్పుడు టైమ్ లెక్క. ఒక్కో సినిమాకి అరగంట ఎన్‌కోడింగ్ అనుకున్నా 150 గంటలు. అది కంప్యూటర్ టైమ్, రాత్రిళ్లు క్యూలో పెట్టి వదిలేయవచ్చు. కానీ ప్రతి దాన్నీ తెరిచి బొమ్మ సాగిపోలేదు కదా, గీతలు రాలేదు కదా, సబ్‌టైటిల్స్ ఉన్నాయి కదా అని చూడాల్సింది మీరు. పది నిమిషాల చొప్పున 50 గంటలు. నేను మొదటిసారి ఈ లెక్క వేసుకోలేదు. చోటు కోసం కుదిస్తున్నానన్నవాళ్లు తమ 50 గంటలకి ఇంకో హార్డ్ డిస్క్ పాటి విలువ లేదా అని ఒకసారి ఆలోచించుకోవాలి.

అసలు చిక్కు గీతల దగ్గరే

నేను డిస్కులు మళ్లీ రిప్ చేయాల్సి రావడానికి కారణం సైజు కాదు, ఇంటర్‌లేసింగ్. దీన్ని అర్థం చేసుకోకుండా మొత్తం సేకరణని ఒకే సెట్టింగ్‌తో మార్చడం వల్ల జరిగే నష్టం తిరిగిరానిది, కనుక కొంచెం వివరంగా చెబుతాను.

పాత టీవీల కోసం తయారైన వీడియోలో ఒక ఫ్రేమ్ అంటే నిజానికి రెండు సగాలు. సరి గీతలు ఒక క్షణంలో తీసినవి, బేసి గీతలు మరుక్షణంలో తీసినవి. పాల్‌లో సెకనుకి 50 సగాలు, ఎన్‌టీఎస్‌సీలో 59.94. వీడియో కెమెరాతో తీసిన కచేరీలు, నృత్య ప్రదర్శనలు, ఆటల పోటీలు, చాలా టీవీ సీరియళ్లు, ఇంట్లో తీసుకున్న వీడియోలు ఇలాగే ఉంటాయి. రెండు సగాల్నీ కలిపి ఒకే ఫ్రేమ్‌గా చూపిస్తే కదిలే వస్తువు అంచున దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి.

సినిమాల కథ వేరు. ఫిల్మ్ మీద సెకనుకి 24 ఫ్రేములే. ఎన్‌టీఎస్‌సీ డిస్క్‌లో వాటిని 29.97కి సరిపెట్టడానికి ఒక ఫ్రేమ్‌ని రెండు సగాలుగా, తర్వాతిదాన్ని మూడు సగాలుగా చూపించమంటారు. చాలా డిస్కుల్లో ఇది సూచనగా మాత్రమే రాసి ఉంటుంది, లోపల 24 ఫ్రేములు భద్రంగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఆ సూచనను పక్కనపెడితే శుభ్రమైన 23.976 ఫ్రేముల సినిమా వస్తుంది. పాల్ డిస్క్‌లో ఇంకో దారి పట్టారు, సినిమానే కొంచెం వేగంగా 25 ఫ్రేములతో నడిపిస్తారు. 120 నిమిషాల సినిమా పాల్ డిస్క్‌లో 115 నిమిషాల చిల్లరకి వస్తే ఏదో కోసేశారని కంగారు పడకండి.

సినిమాకి సరిపోయిన సెట్టింగ్ కచేరీకి సరిపోదు. నా దగ్గర ఒక నృత్య ప్రదర్శన డిస్క్ ఉండేది. దాన్ని కూడా సినిమాలతో పాటు క్యూలో పడేశాను. చేతులు కదిలిన ప్రతిచోటా దువ్వెన గీతలు బొమ్మలోనే అచ్చుపడిపోయాయి. దాన్ని మళ్లీ పూర్తిగా బాగుచేసే ఫిల్టర్ ఏదీ లేదు, ఎందుకంటే సరి గీతలు, బేసి గీతలు కలిసి కుదించబడ్డాక వాటిని శుభ్రంగా విడదీయలేం. రీమక్స్ చేసి ఉంటే ఆ బాధ ఉండేదే కాదు, ఆడించే పరికరమో సర్వరో ఆ పని చూసుకునేది. పదేళ్ల తర్వాత ఇంతకంటే మంచి ఫిల్టర్ వస్తే అప్పుడూ మూలం చేతిలో ఉంటుంది.

హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో చేసేటట్లయితే సినిమాలకి కోంబ్ డిటెక్షన్, డీకోంబ్ జంట చాలు. గీతలు కనిపించిన ఫ్రేముల్నే అది సరిచేస్తుంది. వీడియో కెమెరాతో తీసినవాటికి యాడిఫ్ గానీ బీడబ్ల్యూడిఫ్ గానీ (ఇవి గీతలు తీసే ఫిల్టర్లు) ఎంచుకుని, బాబ్ అన్న ఎంపిక పెట్టండి. అప్పుడు ప్రతి సగం ఒక పూర్తి ఫ్రేమ్ అవుతుంది, కదలికలోని ఆ నునుపు అలాగే నిలుస్తుంది. ఫ్రేమ్‌రేట్ 50 గానీ 59.94 గానీ వచ్చిందో లేదో చూసుకోవాలి, లేకపోతే బాబ్ పెట్టి కూడా సగం కదలిక పారేసినట్టే. మొత్తం ఎన్‌కోడ్ చేసేముందు బాగా కదలిక ఉన్న ఒక నిమిషం ముక్కని మార్చి, పెద్ద తెర మీద చూడండి.

సబ్‌టైటిల్స్: కుదించినా వదలని తలనొప్పి

డీవీడీ సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, చిన్న చిన్న బొమ్మలు. ఎంకేవీలో అవి అలాగే ఉంటాయి. కానీ చాలా ఫోన్ యాప్‌లకీ, బ్రౌజర్లకీ బొమ్మ సబ్‌టైటిల్‌ని వీడియో మీద వేయడం రాదు. మీరు సబ్‌టైటిల్ ఆన్ చేసిన క్షణంలో సర్వర్ దాన్ని బొమ్మలో కలిపేసి, వీడియో మొత్తాన్ని ట్రాన్స్‌కోడ్ చేసి పంపుతుంది. శ్రమపడి హెచ్.264కి కుదించినా సరే, సబ్‌టైటిల్ బొమ్మగా ఉన్నంతకాలం ట్రాన్స్‌కోడింగ్ తప్పదు! సబ్‌టైటిల్స్‌తో చూసే అలవాటున్న ఇంట్లో ఈ ఒక్క విషయం వీడియో కోడెక్ (కుదింపు పద్ధతి) కంటే ముఖ్యం.

దారి ఏమిటంటే సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఆ బొమ్మల్ని చదివించి ఎస్ఆర్‌టీ ఫైల్‌గా (అక్షరాల రూపంలోని సబ్‌టైటిల్) మార్చుకోవడం. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో పెద్ద ఐ, చిన్న ఎల్ ఒకదానికొకటి పొరబడటం మామూలే, దిద్దుకోవాలి. ఎస్ఆర్‌టీ పక్కన పెడితే రీమక్స్ చేసిన ఎంకేవీకి కూడా అది పనికొస్తుంది. ఎంపీ4 ఎంచుకునేవాళ్లకి ఇంకో హెచ్చరిక: డీవీడీ సబ్‌టైటిల్‌ని ఎంపీ4లో విడి ట్రాక్‌గా పెట్టినా చాలా ప్లేయర్లు చూపించవు, బొమ్మలో శాశ్వతంగా అచ్చు వేయాల్సి వస్తుంది. అలా అచ్చు వేశాక ఆపేయాలన్నా ఆపలేం. ఈ కారణం చేతే ఎన్‌కోడ్ చేసినా నేను ఎంకేవీనే వాడతాను.

ఆడియో గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. డాల్బీ డిజిటల్ ట్రాక్‌ని పాస్‌త్రూ పెట్టి అలాగే వదిలేయండి. సెకనుకి 448 కిలోబిట్ల ట్రాక్ రెండు గంటల సినిమాకి 400 ఎంబీయే. ఫోన్ల కోసం కావాలంటే పక్కనే ఒక స్టీరియో ఏఏసీ ట్రాక్ చేర్చండి. సంగీతం డిస్కుల్లో కుదించని పీసీఎం ఆడియో ఉంటే ఫ్లాక్‌లోకి మార్చితే నాణ్యత పోకుండానే సైజు తగ్గుతుంది.

మరి ఎవరు ఏది ఎంచుకోవాలి

సర్వర్ మామూలు కంప్యూటరో, క్విక్ సింక్ ఉన్న చిన్న పెట్టో అయి, ఒకేసారి ఇద్దరు ముగ్గురికి మించి చూడకపోతే మొత్తం రీమక్స్‌గా ఉంచేయండి. సబ్‌టైటిల్స్ వాడే సినిమాలకి మాత్రం ఎస్ఆర్‌టీ చేసుకోండి. ఇళ్లలో చాలావాటికి ఇదే సరిపోతుందని నా నమ్మకం.

సర్వర్ బలహీనమైన చిన్న బోర్డు అయితే, లేదా బయటి ఊళ్లో ఉండి సన్నటి ఇంటర్నెట్ మీద చూసేవాళ్లుంటే, ఎక్కువగా చూసేవాటిని హెచ్.264కి మార్చండి. పిల్లలు మళ్లీ మళ్లీ పెట్టుకునే పాతిక కార్టూన్లు మారిస్తేనే సగం భారం దిగుతుంది. సంవత్సరానికోసారి చూసే సినిమా కోసం కంప్యూటర్‌ని రాత్రంతా వేడెక్కించక్కర్లేదు. మార్చినా రీమక్స్ ఫైళ్లని ఇంకో డిస్క్‌లో పెట్టి పక్కకి తీసేయండి, చెరిపేయకండి.

ఎన్‌కోడ్ చేస్తే ఎక్స్264 (హెచ్.264కి మార్చే ఎన్‌కోడర్), స్లో ప్రీసెట్, నాణ్యత అంకె 20 దగ్గర మొదలుపెట్టండి. డీవీడీ సైజుకి హ్యాండ్‌బ్రేక్ వాళ్లు సూచించేది 18 నుంచి 22. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు పెరుగుతాయి. గ్రాఫిక్స్ కార్డ్ ఎన్‌కోడర్ చాలా వేగంగా ముగిస్తుంది గానీ అదే నాణ్యతకి ఎక్కువ చోటు తింటుంది. అప్పటికప్పుడు ట్రాన్స్‌కోడింగ్‌కి అది మంచిది, దాచుకునే ఫైల్‌కి కాదు. సైజు పెంచి 1080 చేయకండి, లేని వివరం పుట్టదు. బొమ్మ ఆకారాన్ని చూసుకోండి: 720×576 అని రాసి ఉన్నా వెడల్పు సినిమా అయితే తెర మీద 1024×576గా సాగాలి. అనమార్ఫిక్ సెట్టింగ్ ఆటోమేటిక్‌లో ఉంచితే ఆ సూచన ఫైల్లో నిలుస్తుంది. అది పోతే మనుషులు సన్నగా పొడుగ్గా కనిపిస్తారు.

టీవీ సీరియళ్ల డిస్కుల్లో ఒక్కో ఎపిసోడ్ విడిగా ఒకసారి, అన్నీ కలిపిన పొడుగు టైటిల్ ఇంకోసారి కనిపిస్తాయి. విడివిడిగా ఉన్నవే తీసుకోండి. కలిపి మాత్రమే ఉంటే ఎంకేవీటూల్‌నిక్స్‌తో చాప్టర్ల దగ్గర కోయవచ్చు. ఎస్01ఈ01 పద్ధతిలో పేరు పెట్టేముందు ప్రతి ఎపిసోడ్ మొదటి నిమిషం చూడండి, డిస్క్‌లోని వరస ప్రసారమైన వరస కానక్కర్లేదు. సినిమాలకి పేరు, పక్కన బ్రాకెట్‌లో సంవత్సరం ఉంటే సర్వర్ పోస్టర్ సరిగ్గా తెచ్చుకుంటుంది.

ఐఎస్ఓలు తీసేసే ముందు ప్రతి ఎంకేవీనీ మొదట్లో, మధ్యలో, చివర్లో తెరిచి ఆడియో కలుస్తోందో లేదో వినండి. రెండు పొరల డిస్కుల్లో పొర మారేచోటు సినిమా మధ్యలో ఎక్కడో ఉంటుంది, రిప్ చెడితే అక్కడే తెలుస్తుంది. ఇంకొక కాపీ వేరే డిస్క్‌లో ఉండాలి. రెయిడ్ (ఒక డిస్క్ చెడినా డేటా పోకుండా కొన్ని డిస్కులను కలిపి వాడే పద్ధతి) ఉంది కదా అనుకోకండి. పొరపాటున చెరిపేసిన ఫైల్‌ని రెయిడ్ తిరిగి ఇవ్వదు.

ఇప్పటికే అన్నీ కుదించేసి డిస్కులు ఎవరికో ఇచ్చేసినవాళ్లు కూడా ఇది చదువుతూ ఉంటారు. పాత ఎక్స్‌విడ్ ఏవీఐలు, చిన్న ఎంపీ4లు మాత్రమే మిగిలాయనుకోండి. వాటిని హెచ్.265కి మళ్లీ కుదించకండి, కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే మిగిలిన వివరం కూడా పోతుంది. ఏవీఐ ఆడకపోతే ముందు ఎంకేవీ డబ్బాలోకి రీమక్స్ చేసి చూడండి, అప్పటికీ ఆడకపోతే ఆడించేటప్పుడు సర్వర్‌నే ట్రాన్స్‌కోడ్ చేయనివ్వండి. డిస్కులు ఇంకా ఇంట్లో ఉంటే మాత్రం, వీలైనంత త్వరగా దింపి మళ్లీ రిప్ చేయండి. ఇంట్లో తీసుకున్న వీడియోల డిస్కులతో మొదలుపెట్టండి, అవి ఇంకెక్కడా దొరకవు.